చెరసాల తలుపు తెరిచే ముందు

ఫిలిప్పీ పట్టణంలో పౌలును, సీలను బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేయించిన అధికారులు, తెల్లవారగానే వారిని వదిలేయమని బంట్రౌతులతో కబురంపారు. మరో ఖైదీ అయితే ఆ మాట వినగానే పరుగున బయటికి వచ్చేవాడు. పౌలు మాత్రం రానన్నాడు. విచారణ లేకుండా రోమా పౌరులను పదిమందిలో కొట్టించి, ఇప్పుడు చాటుగా పంపేయడమేమిటని నిలదీశాడు. వేయించినవారే వచ్చి తీసుకెళ్లాలన్నాడు. అధికారులు భయపడి స్వయంగా వచ్చారు, బతిమాలుకుని మరీ వారిని వెలుపలికి తీసుకొచ్చారు (అపొ.కా. 16:35-39). రాత్రి భూకంపానికి తలుపులన్నీ తెరుచుకున్నా పారిపోని మనిషి, పొద్దున పొమ్మంటే పోనన్నాడు. గదిలో నుండి కదలనని మొండికేసిన ఖైదీ ఒకడు మన బైబిల్లోనే ఉన్నాడన్న సంగతి మనకు అంతగా గుర్తుండదు.

ఇలాంటి ఖైదీలు ఈనాటి జైళ్లలోనూ ఉన్నారు. వారిని బలవంతంగా బయటికి తీసే పద్ధతిని అమెరికాలో ‘సెల్ ఎక్స్‌ట్రాక్షన్’ అంటారు. కోర్టుకు గానీ, ఆస్పత్రికి గానీ, వేరే గదికి గానీ తీసుకెళ్లాలంటే ఖైదీ తలుపుకున్న చిన్న సందులోంచి చేతులు చాపి సంకెళ్లు వేయించుకోవాలి. అతడు ససేమిరా అంటే ఒక దళం వస్తుంది. సాధారణంగా ఐదుగురు ఉంటారు. హెల్మెట్లు, రక్షణ కవచాలు తొడుక్కుని ఒకరి వెనుక ఒకరు నిలబడతారు. ముందున్న మనిషి చేతిలో డాలు ఉంటుంది. వెనకున్న నలుగురిలో ఎవరు ఏ చెయ్యి, ఎవరు ఏ కాలు పట్టుకోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఒకరు వీడియో తీస్తారు. వైద్య సిబ్బంది దగ్గర్లో ఉంటారు. లోపలికి వెళ్లే ముందు పెప్పర్ స్ప్రే కొట్టడమూ ఉంది. తలుపు తెరిచాక కొద్ది నిమిషాల్లో అంతా ముగుస్తుంది.

వినడానికి కఠినంగా ఉన్నా, ఈ పద్ధతి దెబ్బలు తగ్గించడానికి పుట్టిందే. ఎవరి పని వారికి తెలిస్తే గుంపుగా మీద పడి చావబాదే అవకాశం తగ్గుతుంది. జైలు సిబ్బంది కూడా మనలాంటి మనుషులే. లోపలున్నవాడి చేతిలో పదునైన ఇనుపముక్క ఉందో లేదో తెలియకుండా లోపలికి అడుగు పెట్టేది వారే. ఇంటి దగ్గర వారికోసం భార్యాబిడ్డలు ఎదురుచూస్తూ ఉంటారు. వారి ఉద్యోగాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు మనకు లేదు. కొన్నిసార్లు బలప్రయోగం తప్పదు కూడా.

అయితే ఆ దేశపు ఫెడరల్ జైళ్ల నిబంధనల్లో మనం గమనించవలసిన మాట ఒకటుంది. ఖైదీ తాళం వేసిన గదిలో ఉండి, ఎవరికీ తక్షణ ప్రమాదం లేనప్పుడు దళం వెంటనే దూకకూడదు. ముందుగా పై అధికారి, మానసిక వైద్య నిపుణుడు, మరికొందరు కలిసి మాట్లాడుకోవాలి. అతడి ఆరోగ్యమేమిటి, ఈమధ్య అతడికి ఏం జరిగింది, అయినవారెవరైనా చనిపోయారా, భార్య విడాకులిచ్చిందా, శిక్ష ఖరారయ్యే రోజు దగ్గరపడిందా అని తెలుసుకోవాలి. అతడిని ఎరిగిన సిబ్బందిని అడగాలి. తరువాత ఒకరిని ఎంచుకుని తలుపు దగ్గరికి పంపి, నచ్చజెప్పించాలి. బలప్రయోగం అవసరమా కాదా అన్నది అప్పుడే తేల్చాలి. అంటే రానన్నవాడి మొండితనం వెనుక ఒక కారణం ఉండవచ్చునని చట్టమే ఒప్పుకుంటోంది. పౌలు విషయంలోనూ కారణం ఉంది కదా!

ఈ మెట్టును దాటవేసినచోట ఏం జరిగిందో కోర్టు తీర్పులు చెబుతున్నాయి. కాలిఫోర్నియాలోని పెలికాన్ బే జైలులో మితిమీరిన బలప్రయోగం పరిపాటి అయిందని 1995లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఆ తీర్పు తప్పుపట్టిన వాటిలో ఇలా గదుల్లోంచి ఈడ్చుకురావడమూ ఉంది. 2013లో అదే రాష్ట్రపు జైళ్లలో తీసిన వీడియోలను మరో కోర్టులో ప్రదర్శించారు. మతిస్థిమితం లేక కేకలు పెడుతున్న ఖైదీల మీద మళ్లీ మళ్లీ పెప్పర్ స్ప్రే కొట్టిన దృశ్యాలవి. ఇచ్చిన ఆజ్ఞ ఏమిటో అర్థం చేసుకోలేనివాడిని ఆజ్ఞ మీరాడని శిక్షించినట్టయింది. ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 2014లో కోర్టు తీర్పు చెప్పింది. మనిషిని బోర్లా పడేసి వీపు మీద బరువు మోపితే ఊపిరాడక చనిపోవచ్చునని, సంకెళ్లు వేసిన వెంటనే పక్కకు తిప్పాలని అక్కడి న్యాయశాఖ 1995లోనే హెచ్చరించింది. బలం ఎంతవరకు అవసరమో అంతవరకే వాడాలని, గొడవలను మాటలతో తీర్చే మార్గాలు వెతకాలని ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు చెబుతున్నాయి.

‘చేసుకున్న పాపం, అనుభవించనీ’ అనే మాట మన సంఘాల్లోనూ వినబడుతుంది. నేరానికి శిక్ష పడాల్సిందే. కానీ న్యాయమూర్తి విధించింది జైలుశిక్ష. పక్కటెముకలు విరగ్గొట్టమని, ఊపిరి ఆపేయమని ఏ తీర్పులోనూ రాసి ఉండదు. ఖైదీ అయినంత మాత్రాన మనిషి జీవించే హక్కు పోదని ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో 2000లో మన సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇందులో సంఘం పని ఏమిటి? క్రిస్మస్‌కు కేకులు, పాటల పుస్తకాలు పట్టుకుని జైలుకు వెళ్తాం, కూటం పెడతాం, ఫొటో దిగి వస్తాం. అది మంచిదే. కానీ మన కూటానికి వచ్చేవాడు అప్పటికే మాట వినేవాడు. మాట విననివాడు లోపల, తాళం వేసిన గదిలో ఉంటాడు. అతడి తల్లి చనిపోయిందని ఎవరికి తెలుసు? తలుపు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిస్తే అతడు గుర్తుపట్టే గొంతు ఎవరిది? నెలనెలా వెళ్లి పలకరించేవారు ఉంటే, కుటుంబం నుండి ఒక కబురు మోసుకెళ్లేవారు ఉంటే, ఆ గడియలో అధికారులకు కూడా అదొక ఆసరా. బంధకములలో ఉన్నవారితో మనమూ బంధింపబడినట్టే భావించాలన్న హెబ్రీ పత్రిక ఉపదేశం (13:3) ఏడాదికొక ఆదివారంతో తీరిపోయేది కాదు. మన సంఘాల్లో పోలీసుశాఖలో, జైళ్లశాఖలో పనిచేసే విశ్వాసులున్నారు. వారి పేరున ప్రార్థన చేసే సంఘాలెన్ని? కోపం రాకుండా, చెయ్యి అదుపు తప్పకుండా ఉండేందుకు వారికి ఆ ప్రార్థన ఎంతో అవసరం.

యిర్మీయా ప్రవక్త బురద గోతిలో కూరుకుపోయినప్పుడు కూషీయుడైన ఎబెద్మెలెకు రాజును వేడుకుని అనుమతి సంపాదించాడు. అధికారం దొరికింది, ముప్పైమంది మనుషులు దొరికారు, తాళ్లున్నాయి. లాగేస్తే పని అయిపోయేది. కానీ అతడు ముందుగా ఖజానా కింది గదిలోకి వెళ్లి పాత చింకిగుడ్డలు ఏరి తెచ్చాడు. తాడు ఒరుసుకోకుండా వాటిని చంకల కింద పెట్టుకోమని ప్రవక్తకు చెప్పి, ఆ తరువాతే పైకి లాగించాడు (యిర్మీయా 38:10-13). ఆ గుడ్డలకు విలువేమీ లేదు. అవతలి మనిషికి నొప్పి పుడుతుందన్న తలంపే వాటిని వెతికించింది. తాళ్లు పట్టుకున్న అధికారులకు ఆ తలంపును దేవుడు దయచేయాలని ప్రార్థిద్దాం. చింకిగుడ్డలు మోసుకెళ్లే పని మనం తీసుకుందాం.