బొమ్మలేస్తే మందు మానేస్తారా?

రీహాబ్ సెంటర్‌లో ఉన్న మనిషిని చూడ్డానికి ఇంటిల్లిపాదీ వెళ్తారు. లోపల ఆయన మట్టితో గిన్నె చేస్తుంటాడు. పక్క హాల్లో నలుగురు డప్పు వాయిస్తుంటారు. బయటికొచ్చాక అందరి నోటా ఒకటే మాట: "అప్పు చేసి కట్టింది దీనికా? ఇది ఆసుపత్రా, సమ్మర్ క్యాంపా?"

అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం 'దండగ' అనో 'అద్భుతం' అనో ఒక్క ముక్కలో తేలదు.

ముందు డాక్టరు, తర్వాతే డప్పు

రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు తిరగబడుతుంది. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. కొందరికి ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది, ప్రాణం మీదికీ రావచ్చు. కల్తీ కల్లుకి అలవాటుపడ్డవాళ్లదీ ఇదే కథ. అందులో ఆల్ప్రజోలం, డైజపామ్ లాంటివి కలుపుతారు కదా! 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం పరుగెత్తింది అందుకే. ఈ దశలో కావల్సింది డాక్టరు, మాత్రలు, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సు. పెయింటింగ్ బ్రష్షు కాదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఇన్నాళ్లూ కోపమొస్తే మందు, బాధొస్తే మందు, బోర్ కొడితే మందు. ఇప్పుడు ఆ మూడూ ఉన్నాయి, మందు ఒక్కటే లేదు. సాయంత్రం ఆరయ్యేసరికి నాలుక పీకేస్తుంటుంది. కౌన్సెలర్ "ఎలా ఉంది?" అంటే "బానే ఉంది సార్" అంటాడు. మన ఇళ్లల్లో మగవాళ్లకి నేర్పిన జవాబు అదొక్కటే మరి.

బొమ్మలూ పాటలూ పనికొచ్చేది ఇక్కడే. "మీ ఇంటిని గీయండి" అన్నారనుకోండి. ఆయన అమ్మని, భార్యని, పిల్లల్ని ఇంట్లో గీసి, తనని గేటు బయట గీసుకున్నాడనుకోండి. నెల రోజులు అడిగినా నోటితో చెప్పని సంగతి కాగితం మీదికొచ్చేసింది. కౌన్సెలర్‌కి మాట కలపడానికి దారి దొరికింది. బొమ్మ బాగుందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు.

నలుగురితో కలిసి డప్పు వాయించాలంటే పక్కవాడి దెబ్బ వినాలి, తన వంతు వచ్చేదాకా ఆగాలి. ఆగడం, అదే కదా నేర్చుకోవాల్సింది! ఊపిరి మీద ధ్యాస పెట్టించడం వెనకా ఇదే లెక్క ఉంది. తాగాలన్న యావ అలలాంటిది. లేస్తుంది, కాసేపటికి అదే దిగిపోతుంది. కొట్టుకుపోకుండా ఆ కాసేపూ దాటాలి. అమెరికన్ సైకాలజిస్ట్ అలన్ మార్లాట్ దీనికి 'అర్జ్ సర్ఫింగ్' అని పేరు పెట్టారు.

రుజువు ఉందా?

సంగీతం విషయంలో కొంత ఉంది. వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 2022లో 21 ప్రయోగాలు, 1,984 మంది వివరాలు కలిపి చూసింది. మామూలు చికిత్సకి మ్యూజిక్ థెరపీ కలిపితే యావ తగ్గింది, చికిత్స తీసుకోవాలన్న ఆసక్తి పెరిగింది. డిప్రెషన్, ఆందోళనల్లో మాత్రం స్పష్టమైన తేడా కనపడలేదు.

'కలిపితే' అన్న మాటని గట్టిగా పట్టుకోండి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో ఇవి ప్లగిన్లు. అసలు యాప్ లేకుండా ప్లగిన్ ఒక్కటే ఏం చేస్తుంది? ఇంకో సంగతి, పాట కూడా ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. సిట్టింగ్‌లో రోజూ మోగిన పాట మళ్లీ వినపడితే చెయ్యి గ్లాసు కోసం వెతుక్కుంటుంది. అందుకే స్పీకర్ ఆన్ చేసి వదిలేస్తే అది థెరపీ అయిపోదు.

పుణెలోని ముక్తాంగణ్ చూడండి. డాక్టర్ అనిల్ అవచట్, సైకియాట్రిస్ట్ అయిన ఆయన భార్య కలిసి 1986లో మొదలుపెట్టారు. అనిల్ మరాఠీలో పేరున్న రచయిత. బొమ్మలేసేవారు, చెక్క చెక్కేవారు, కాగితాలతో ఓరిగామి చేసేవారు, వేణువు ఊదేవారు. అలాంటి మనిషి పెట్టిన చోట కళకి చోటుండటంలో వింతేముంది!

చీపురు థెరపీ కాదు

అసలు భయపడాల్సింది బొమ్మలు వేయించే సెంటర్లని చూసి కాదు. గుండు కొట్టించి, గిన్నెలు తోమించి, దానికి 'వర్క్ థెరపీ' అని పేరు పెట్టే సెంటర్లని చూసి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలకీ వర్తిస్తుంది. ఆ చట్టం ప్రకారం గొలుసులతో కట్టకూడదు. బలవంతంగా గుండు చేయించకూడదు. ఇష్టం లేకుండా పని చేయించకూడదు, చేయించుకుంటే తగిన డబ్బివ్వాలి. వినోదం, కాలక్షేపం కోసం తగిన ఏర్పాట్లు ఉండటం కూడా పేషెంట్ హక్కే. అంటే ఆ డప్పు సెంటర్ వాళ్లు చేసే దయ కాదు.

కాబట్టి చేర్చే ముందు ఇవి అడగండి:

• రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా? చూపిస్తారా?
• రాత్రి రెండింటికి ఫిట్స్ వస్తే చూసే డాక్టరెవరు?
• బొమ్మలు, మ్యూజిక్ సెషన్ నడిపేదెవరు? అయ్యాక దాని గురించి పేషెంట్‌తో మాట్లాడతారా?
• మేం కలవొచ్చా, ఫోన్ చేయొచ్చా?
• డిశ్చార్జ్ అయ్యాక ఫాలో-అప్ ఎలా?

సూటిగా జవాబు రాకపోతే బ్యాగు సర్దుకుని వచ్చేయండి.

అడిగే అవకాశం దాకా రానివాళ్లే ఎక్కువ అనుకోండి. 2019లో ఎయిమ్స్ ఇచ్చిన దేశవ్యాప్త సర్వే రిపోర్టు ప్రకారం మద్యం సమస్యకి సాయం అవసరమైనవాళ్లు దాదాపు 5.7 కోట్ల మంది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది.

ఇంటికి వచ్చాక కూడా సాయంత్రం ఆరు అవుతుంది. వీధి చివర వైన్ షాపు అక్కడే ఉంటుంది. ఆ టైమ్‌లో ఆయన డప్పు తీస్తే "ఇప్పుడు ఈ వేషాలొకటి" అనకండి. రంగులడిగితే తెచ్చిపెట్టండి. మాత్రలు, కౌన్సెలింగ్, ఏఏ మీటింగులు ఆపనివ్వకండి. మళ్లీ ఒకరోజు తాగినా, అంతా అయిపోయిందని తలుపులు మూసేయకుండా అదే వారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. మనసు బాగోకపోతే టెలి-మానస్ 14416. రెండూ ఉచితం. ఫోన్ చేతిలోనే ఉంది కదా, ఇప్పుడే సేవ్ చేసేసుకోండి.