శకుంతలా దేవి రాసిన ఆ ఒక్క పుస్తకం

శకుంతలా దేవి అనగానే మనకి గుర్తొచ్చేది లెక్కలే. రెండు 13 అంకెల సంఖ్యల్ని 28 సెకన్లలో గుణించిన మనిషి. ఆవిడ 1977లో 'ది వరల్డ్ ఆఫ్ హోమోసెక్సువల్స్' అని గేల జీవితాల మీద ఒక పుస్తకం రాశారని మొన్నమొన్నటిదాకా నాకు తెలీదు. అప్పట్నుంచి అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల్లో వెతుకుతున్నా. ఆవిడ పజిల్స్ పుస్తకాలు కనిపిస్తాయి. ఇది మాత్రం లేదు.

1990లో ముంబైలో అశోక్ రావ్ కవి మొదలుపెట్టిన 'బాంబే దోస్త్' పాత సంచికలూ అంతే. ఎలా దొరుకుతాయి? 2018 దాకా 377 సెక్షన్ కింద అది నేరం. కొన్నవాళ్లు బట్టల కింద దాచుకుని ఉంటారు, తర్వాత ఇంట్లోవాళ్లు పాత పేపర్లతో కలిపి తూకానికేసి ఉంటారు. 1933 మేలో బెర్లిన్‌లో నాజీలు మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ సంస్థ పుస్తకాల్ని నడిబజార్లో తగలబెట్టారు. దానికి ఫొటోలైనా ఉన్నాయి. కిలోల లెక్కన పోయినదానికి ఏముంటుంది?

"అన్నీ నెట్‌లో ఉంటాయి కదరా" అంటాడు మా రూమ్మేట్. ఎవడో ఒకడు కాగితం దాస్తేనే కదా స్కాన్ చేసేది!

అరుదైన పుస్తకాలు కొనే స్తోమత మనకి లేదు, సరే. కరపత్రాలు, టికెట్లు, పోస్టర్లు దాచడానికి డబ్బెందుకు? పోయినేడు మన నోటీసు బోర్డు మీద ఎవరో అంటించిన ప్రైడ్ వాక్ కరపత్రాన్ని మధ్యాహ్నానికల్లా చింపేశారు. కింద పడ్డ సగం నా డీబీఎంఎస్ రికార్డులో ఉంది. తేదీ కనిపిస్తోంది, ఎక్కడన్నది చిరిగిపోయింది. మిగతా సగం మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, పారేయకండి. నాకివ్వండి.