బోరు చేయిస్తే బలమొస్తుందా?

లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటేసిన మారుతి 800 ఫ్లైఓవర్‌ ఎక్కడానికి ఆయాసపడుతోందా? వెనక నీలిపొగ వదులుతోందా? అయితే ‘బోరు చేయించి పెద్ద పిస్టన్లు వేయించండి, దూసుకుపోతుంది’ అనే సలహా ఈపాటికి మీకు వచ్చే ఉంటుంది.

ఓసారి లెక్క చూద్దాం. ఆ ఇంజిన్లో సిలిండర్లు మూడు. ఒక్కోదాని వెడల్పు 68.5 మిల్లీమీటర్లు, పిస్టన్‌ కదిలే దూరం 72. మొత్తం 796 సీసీ. అర మిల్లీమీటరు బోరు చేస్తే అయ్యేది దాదాపు 808 సీసీ. అంటే పెరిగేది ఒకటిన్నర శాతమే! మరి బోరయ్యాక పికప్‌ ఎలా వస్తుంది? అరిగిన గోడల సందుల్లోంచి జారిపోయే ఒత్తిడి మళ్లీ నిలుస్తుంది కాబట్టి. వచ్చేది కొత్త బలం కాదు, పోయిన బలమే.

అందుకే ఇంజిన్‌ విప్పకముందే కంప్రెషన్‌ పరీక్ష చేయించండి. తక్కువ చూపిన సిలిండర్లో చెంచాడు ఆయిల్‌ పోసి మళ్లీ చూడమనండి. ఒత్తిడి పెరిగితే అరుగుదల రింగుల్లో, సిలిండర్లో ఉన్నట్టు. పెరగకపోతే లోపం వాల్వుల్లోనో, హెడ్‌ గ్యాస్కెట్‌లోనో ఉండొచ్చు. అలాంటప్పుడు హెడ్‌ పనితో సరిపోతుంది, బోరింగు ఖర్చు తప్పుతుంది.

ఇంజినే మార్చేద్దామంటారా? దాని నంబరు ఆర్సీలో ఉంటుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ఒప్పుకోదు. అదే రకం ఇంజిన్‌ వేసినా రవాణా శాఖ అనుమతితో కొత్త నంబరు ఎక్కించుకోవాల్సిందే. లేదంటే ప్రమాదం జరిగిననాడు బీమా దగ్గర చిక్కులొస్తాయి.

2014లో తయారీ ఆగిపోయిన ఈ బండి ఎన్నో ఇళ్లకు తొలి కారు. దానికి ఆరోగ్యం ఇస్తే చాలు, రేసుగుర్రాన్ని చేయక్కర్లేదు!