డాబా ఇంటికి వేసవి పరీక్ష

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని కాపాడి చూడమని ప్రత్యేకించి చెప్పలేదు, ఆ అవసరం వారికి రాలేదు. పెంకుటింటి గృహస్థు ఏటేటా వేసవిలో పెంకులు సర్ది నేయించుకునేవాడు. తాటాకు ఇంటికి కొన్నేళ్లకొకసారి కొత్త ఆకు పడేది. మట్టిగోడ పండుగ పండుగకూ అలుకు పూయించుకునేది. మరమ్మతు అన్నది ఆనాడు ఇంటి పంచాంగంలోనే ఉండేది. సిమెంటు శ్లాబు వచ్చిన తరువాత ఆ అలవాటు తప్పింది. శ్లాబు పడితే ఇక మూడు తరాలకు బెంగ లేదన్న నమ్మకం దేశమంతటా వ్యాపించింది. ఆ నమ్మకానికి మూల్యం చెల్లించేవారు, వానాకాలపు రాత్రి పెచ్చులూడే కప్పు కింద నిద్రపోతున్న వారు.

శ్లాబుకు బలం దానిలోని ఇనుప చువ్వలు. కొత్త కాంక్రీటుకు గాఢమైన క్షారగుణం ఉంటుంది. ఆ గుణమే చువ్వకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. అయితే గాలిలోని బొగ్గుపులుసు వాయువు సంవత్సరాల తరబడి కాంక్రీటులోకి ఇంకుతూ ఆ క్షారగుణాన్ని హరిస్తుంది. శ్లాబు అడుగున చువ్వను కప్పి ఉండే కాంక్రీటు మందం సాధారణంగా 20 మిల్లీమీటర్లే. దానికి తోడు పైనుంచి నీరు దిగితే తుప్పు మొదలవుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకు రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. లోపలినుండి ఒత్తి, కింది కాంక్రీటును పెచ్చులుగా తోసివేస్తుంది. విశాఖపట్నం, చెన్నై, ముంబయి వంటి సముద్రతీర నగరాలలో ఉప్పుగాలి ఈ పనిని మరింత త్వరపెడుతుంది. పాత భవనాల మరమ్మతు కోసం 1969లో బొంబాయికి ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది.

నైరుతి ఋతుపవనం సాధారణంగా జూన్ 1 నాటికి కేరళను, 11 నాటికి ముంబయిని, నెలాఖరుకు ఢిల్లీని చేరుతుంది. చెన్నై, నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు తరువాతి మాట. కనుక చాలా ప్రాంతాల గృహస్థులు మే నెలలో ఒక ఉదయం డాబా ఎక్కవలసి ఉంటుంది. చేతిలో చీపురు, బక్కెట, సుద్దముక్క చాలు.

మొదట తూములు. ఎండుటాకులు, పిల్లలు వదిలిన గాలిపటాల కాగితం, పావురాల ఈకలు అడ్డుపడిన ఒక్క తూము చాలు, డాబా చెరువవుతుంది. డాబా ఊడ్చిన తరువాత బక్కెటతో నీళ్లు పోసి అవి ఎటు పారుతున్నాయో చూడాలి. అరగంట గడిచినా నిలిచి ఉన్న మడుగు చుట్టూ సుద్దతో గీత గీయాలి. వాటం సరిగా లేని చోటు అదే. నూరు అంగుళాలకు ఒక అంగుళం వాటమైనా లేకపోతే నీరు తూము దారి పట్టదు. తరువాత పిట్టగోడ, శ్లాబు కలిసే మూల. సగం ఊటలు పుట్టేది అక్కడే. తాపీ మేస్త్రీలు ఆ మూలను గచ్చుతో గుండ్రంగా తీర్చడం అలంకారం కోసం కాదు. నిలువుగోడ, పడకశ్లాబు ఎండకు వేరువేరుగా సాగుతాయి, నిలువు మూల అయితే అతుకు విడిపోతుంది.

పిట్టగోడలో మొలిచిన రావి మొక్క విషయం కొంత సున్నితమైనది. పక్షి రెట్టలో వచ్చిన ఆ గింజను పెరకడానికి చాలామందికి చేయి రాదు. కొసలు తుంచి ఊరుకుంటారు. తుంచిన కొద్దీ వేరు బలుస్తుంది. రెండాకుల దశలోనే వేరుతో సహా తీసి ఒక కుండీలోనో, గుడి ఆవరణలోనో నాటితే భక్తికీ గోడకూ లోటు రాదు.

బీట కనిపించగానే పైపైన సిమెంటు పాలు పూసేవారు ఎక్కువ. వచ్చే ఎండకే అది పొట్టులా లేస్తుంది. ముందు ఆ బీట ఇంకా కదులుతున్నదా అని తెలుసుకోవాలి. దానిమీద అడ్డంగా చిన్న గాజుపలకను సిమెంటుతో అతికించి, పక్కనే తేదీ వ్రాసి ఉంచాలి. నెలరోజుల్లో గాజు పగిలితే బీట సజీవంగా ఉన్నట్టే; దాన్ని ఇంజనీరుకు చూపించాలి. పగలకపోతే ఉలితో బీటను పలకసుద్దంత లోతు వెడల్పు చేసి, ధూళి దులిపి, తడిపి, ఆక్రిలిక్ ద్రావణం కలిపిన సిమెంటు ఇసుక గచ్చుతో కూరాలి. మధ్యాహ్నపు ఎండలో ఈ పని పనికిరాదు. సాయంత్రం చేసి, తడి గోనెపట్టా కప్పి, గచ్చు ఆరిపోకుండా డబ్బా మీద వ్రాసినన్ని రోజులు తేమ నిలపాలి. పనంతా ఈ తేమలోనే ఉంది. తొంభై పాళ్లు చెడిపోయేదీ ఇక్కడే.

కురిసిన ప్రతిసారీ డాబా మీద ఇంకొక పొర పోయించడం మరొక అలవాటు. నాలుగంగుళాల ఇటుకముక్కల గచ్చు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే డాబాకు ఇంజనీర్లు లెక్కగట్టే రాకపోకల భారం 150 కిలోలే. రెండు పొరలు పడిన శ్లాబు ఎప్పుడూ దిగిపోని జనసమ్మర్దాన్ని మోస్తున్నట్టు లెక్క.

ఇక ఇంటి లోపలికి. చీపురుకర్రతో కప్పును అక్కడక్కడా తట్టి చూస్తే గట్టి చోటు ఖణీమంటుంది, విడివడిన చోటు డొల్లగా పలుకుతుంది. మంచాల మీది భాగాన్నీ, పంఖా కొక్కెం చుట్టూ ఉన్న భాగాన్నీ తప్పక తట్టాలి. డొల్ల పలికితే ముందు మంచం జరపాలి. గృహస్థు పనిముట్లు కింద పెట్టవలసిన ఘట్టం కూడా ఇదే. తుప్పు చువ్వ బయటపడిన చోట దాన్ని రాపాడి శుభ్రపరచి, సన్నబడినంత మేర కొత్త చువ్వ కలిపి, అవసరమైతే కింద ఊతకర్రలు నిలిపి చేయవలసిన చికిత్స అది. పెళ్లి ముహూర్తానికి ముందు ఆ గోధుమరంగు మరక మీద సున్నం కొట్టించడం కంటే, మరకను బంధువులకు కనబడనివ్వడమే మేలు.

అపార్ట్‌మెంట్లలో కప్పు కురిస్తే పై అంతస్తు వారిదే గొడవని కింది వారు తప్పుకుంటారు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం డాబాను ఉమ్మడి ఆస్తిలో చేర్చింది. ఆ చట్టం కిందికి వచ్చే ఇళ్లలో, స్వాధీనం చేసిన నాటినుండి 5 సంవత్సరాలలోపు నిర్మాణ లోపం బయటపడి, దాన్ని తెలియజేస్తే, నిర్మాత 30 రోజులలో సొంత ఖర్చుతో సరిచేయాలి. కనుక నాలుగేళ్లు నిండిన ఇంటివారు ఈ వేసవి పరీక్షను వాయిదా వేయరాదు. చెమ్మ మరకలను తేదీతో ఫోటో తీసి, ఫిర్యాదును కాగితం మీదనే పంపి, నకలు దగ్గర ఉంచుకోవాలి.