ఇంకా చదువేనా?

మొన్న బంధువుల ఇంట్లో ఒడుగుకి వెళ్తే, ముగ్గురు మా అక్కని పట్టుకుని అదే మాట అడిగారు. "అమ్మాయి ఇంకా చదువుతూనే ఉందా? 31 వచ్చాయి కదా!" అక్క నవ్వి ఊరుకుంది. ఇంటికొచ్చాక మాత్రం పట్టుచీర కూడా మార్చుకోకుండా మంచం మీద కూర్చుండిపోయింది.

నేను చదివింది తెలుగు బి.ఏ. కెమిస్ట్రీ అంటే ఇప్పటికీ భయమే. అయినా ఆ రాత్రి నెదర్లాండ్స్‌లో, లైడెన్‌లో ఉన్న పిల్లకి వీడియో కాల్ చేసి, "అసలు నువ్వు చేసే పనేంటో నాకర్థమయ్యేలా చెప్పవే" అన్నాను.

"నువ్వు రోజూ ఊడ్చి పారేస్తావే పిన్నీ, దుమ్ము! దాని మీదే నా పని" అంది.

నక్షత్రాల మధ్య ఉండే ధూళి అట అది. అక్కడ రెండు హైడ్రోజన్ పరమాణువులు ఎదురుపడినా కలిసి ఉండలేవు. కలిసినప్పుడు పుట్టే శక్తిని ఎక్కడైనా వదిలించుకోవాలి, లేకపోతే అదే వాటిని మళ్లీ విడగొట్టేస్తుంది. అందుకని ఓ ధూళి రేణువు మీద వాలి, అక్కడ జతకట్టి, ఆ శక్తిలో కొంత దానికి అప్పగించి అణువుగా లేచిపోతాయి. నీళ్లు కూడా చాలావరకు అలాంటి రేణువుల మీదే మంచుపొరగా తయారవుతాయట. చలేమో సున్నాకి 260 డిగ్రీలు కింద! ఒక్కో కలయికకి లక్షల ఏళ్లు పట్టొచ్చు. ప్రయోగశాలలో అంతకాలం కూర్చోలేరు కాబట్టి ఈ పిల్ల క్వాంటమ్ లెక్కలు వేసి, కంప్యూటర్‌లో ఆ కలయికలు చూస్తుంది. ఇప్పటికి అంతరిక్షంలో 300కి పైగా రకాల అణువులు దొరికాయి. ఒక్కొక్కటీ ఎలా పుట్టిందో తేల్చాలి కదా మరి.

ఇది చదువు కాదండీ, ఉద్యోగం. పీహెచ్‌డీ అయిపోయి మూడేళ్లయింది. జీతం వస్తుంది, పన్ను కడుతుంది. అసలు కష్టం వేరే ఉంది. కాంట్రాక్టు రెండేళ్లే, తర్వాత మళ్లీ ఏ దేశమో తెలీదు. మా మరిది కొడుకు అమెరికాలో ఐదేళ్లలో మూడు కంపెనీలు మారితే "ఎదుగుతున్నాడు" అన్నారు. దీన్ని మాత్రం "కుదురుకోలేదు" అంటున్నారు!

అదే లైడెన్‌లో ఎవీన్ వాన్ డిషూక్ అనే పెద్దావిడ ఉన్నారు. ఆవిడా కెమిస్ట్రీ చదివే ఇటు వచ్చారు. 1984లో పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్లు అమెరికాలో పనిచేసి మళ్లీ లైడెన్ చేరారు. 2018లో కావ్లీ బహుమతి అందుకున్నారు. (పెళ్లి సంగతి అడిగేవాళ్ల కోసం చెబుతున్నా, ఆయనా ఖగోళ శాస్త్రవేత్తే.)

ఇంత చెబుతున్నాను గానీ, పోయిన సంక్రాంతికి "ఇక చాల్లేవే, వచ్చెయ్" అన్నది నేనే. రెండు నెలలు నాకు ఫోన్ చెయ్యలేదు. మొన్న కాల్ పెట్టేసే ముందు ఆ మాట ఎత్తి, తప్పయింది అన్నాను. "పర్లేదు పిన్నీ, ఇప్పుడు అడిగావుగా" అంది.

మార్చిలో కాంట్రాక్టు అయిపోతుంది. జర్మనీలో ఒకచోట అప్లై చేసింది. వచ్చే నెల ఇంకో పెళ్లికి వెళ్లాలి, అక్క పక్కన నేనే కూర్చుంటాను.