68 దగ్గర ఆగిన బండి

మా పొరుగింటి మామ్మగారు నిరుడు వేసవిలో కాలం చేశారు. పెనిమిటి రైల్వే ఉద్యోగం వల్ల విజయనగరం ప్రాంతం నుండి రాయపూరు వచ్చి, అరవై ఏళ్ళు ఇక్కడే కాపురం చేసిన ఇల్లాలు. ఆమె మనుమలకు తెలుగు మాట వచ్చును గాని అక్షరం రాదు. మునిమనుమలకు మాట కూడ రాదు. పోవడానికి కొన్ని నెలల ముందు పెద్ద మనుమడు ఆమె చేత పాత ముచ్చట్లు చెప్పించి, సెల్‌ఫోనులో పట్టి ఉంచాడు. ఆ తునకలను నలభై నిమిషాల చిత్రంగా కూర్చి, అడుగున నా చేత హిందీ అనువాదం వ్రాయించి, సంవత్సరీకం నాడు ఇంటిల్లిపాదికీ చూపాలని అతని కోరిక.

ఒకే బొమ్మకు రెండు భాషలు జతపరచడం ఈ దేశానికి కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఉపగ్రహం ద్వారా గ్రామాలకు టెలివిజన్ పాఠాలు ప్రసారం చేసిన ‘సైట్’ ప్రయోగంలో, ఒక చిత్రం వెంట రెండు శబ్దమార్గాలు పంపే ఏర్పాటు ఉండేది. ఆ పాఠాలు చూసిన పల్లెలలో రాయపూరు ప్రాంతపు పల్లెలూ, మన తెలంగాణ, రాయలసీమ పల్లెలూ ఉన్నాయి. ఆనాడు శాస్త్రజ్ఞులు చేసిన పనికి ఇప్పుడు ఇంటి బల్లమీది కంప్యూటరు చాలును.

చాలును అనుకున్నాము. కూర్పు ముగిసింది. ఇక మిగిలింది ఎక్స్‌పోర్టు. అనగా బొమ్మను, శబ్దాన్ని, అక్షరాలను కలిపి ఎక్కడైనా చూడదగిన ఒకే ఫైలుగా వెలువరించడం. బండి 68 శాతం దాకా నడిచి ఆగింది. మళ్ళీ ప్రయత్నించాము, మళ్ళీ 68. సంవత్సరీకం మూడు రోజులలోకి వచ్చింది. “కంప్యూటరు పాతదైపోయింది బాబాయిగారూ, కొత్తది కొనేద్దాం” అన్నాడు మనుమడు.

నేను యంత్రశాస్త్రం చదివినవాడను కాను. ఆంగ్ల సాహిత్యం చదివి అనువాదాలతో కాలక్షేపం చేసేవాడను. అయితే ఒక పేరా తెలుగులోకి రానని మొరాయించినప్పుడు నిఘంటువులు మార్చి ప్రయోజనం లేదనీ, ఏ వాక్యం అర్థం కాలేదో వెదకాలనీ అనుభవం నేర్పింది. ఇక్కడా అంతే. వేర్వేరు చోట్ల ఆగితే యంత్రాన్ని, దాని వేడిని, మెమరీని అనుమానించవచ్చు. ప్రతిసారీ ఒకేచోట ఆగితే ఆ చోటనున్న సరుకును ముందుగా చూడాలి.

మొదట సులభమైనవి పరీక్షించాము. డిస్కులో ఖాళీ ఉన్నది. ఫైలును నేరుగా పెన్‌డ్రైవులోకి పంపడం లేదు. ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధం చేసిన పెన్‌డ్రైవు 4 జీబీ ఫైలును పట్టదు. తరువాత చిత్రాన్ని సగం చేశాము. మొదటి ఇరవై నిమిషాలు చక్కగా వెలువడ్డాయి. రెండవ సగం ఆగింది. ఆగిన సగాన్ని మళ్ళీ సగం చేశాము. ఈ లెక్కన పదిసార్లు సగం చేస్తే నలభై నిమిషాలలో తప్పు రెండున్నర సెకన్ల లోపున పట్టుబడుతుంది. మాకు ఆరుసార్లే చాలినవి.

అది సాయంత్రం, గుడ్డిదీపం వెలుగులో తీసిన తునక. వెలుగు తక్కువైతే ఫోను ఒక్కొక్క బొమ్మకు ఎక్కువ సమయం తీసుకొని, సెకనుకు తీసే బొమ్మల సంఖ్యను తగ్గిస్తుంది. కూర్పు ప్రోగ్రాములు స్థిరమైన లెక్కను కోరుతాయి. పైగా 2003లో ప్రమాణంగా వెలువడి, నేటికీ విరివిగా వాడుకలో ఉన్న హెచ్.264 పద్ధతిలో ప్రతి బొమ్మా పూర్తిగా ఉండదు. చాలా వాటిలో పక్క బొమ్మకూ తనకూ గల భేదం మాత్రమే ఉంటుంది. ఒకటి విప్పలేకపోతే దానిని నమ్ముకున్నవీ చెడతాయి.

“ఆ ముక్క కోసేద్దాం” అన్నాడు మనుమడు. ఆ ముక్కలో మామ్మగారు ఏమి చెప్పారో నాకు తెలుసు. రాయపూరు వచ్చిన మొదటి రోజున హిందీ మాట ఒక్కటీ రాక, కొట్టువాని ముందు అరచేయి నాకి చూపి ఉప్పు కొనుక్కున్న కథ అది. దానిని కోస్తే చిత్రానికి ప్రాణమే పోతుంది.

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ తునకను సెకనుకు 30 బొమ్మల స్థిరమైన లెక్కకు మార్చి, పాతదాని స్థానంలో పెట్టాము. అసలు ఫైలును మాత్రం చెరపక, రెండు చోట్ల భద్రపరచాము. అటువంటి పని చేయదలచినవారు ఈ జాగ్రత్తను ఎన్నడూ మరువరాదు. ఈసారి బండి 68 దాటింది, వంద చేరింది.

సంవత్సరీకం నాడు ఆ కథ వచ్చినప్పుడు అడుగున నేను వ్రాసిన హిందీని పిల్లలు చదివి నవ్వారు. ఆరేళ్ళ మునిమనుమరాలు మాత్రం తెర వైపే చూస్తూ, మామ్మగారి నోటి నుండి విన్నమాటను తాను పలికింది: “ఉప్పు.”