తూకమునకు అమ్ముకొన్న చరిత్ర

ఇటీవల ఒక రాత్రి మా అమ్మాయి ఫోనులో ఒక పాత తెలుగు గ్రంథమును తెరచి నాకు చూపినది. మొదటి పుటలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయపు చీటీ, దానిమీద పుస్తకము సంఖ్య, చేతివ్రాతలో గ్రంథకర్త పేరు ఉన్నవి. ఆ గ్రంథాలయములోని పాత పుస్తకములు వేలకొలది నేడు అంతర్జాలమున ఎల్లరికిని ఉచితముగా లభించుచున్నవి. "తాతగారు చదివినది ఇక్కడనే కదా, ఆయన కాగితము లేవి?" అని అమ్మాయి అడిగినది. నాకు నోట మాట రాలేదు. పదేండ్ల క్రిందట ఇల్లు మరమ్మతు చేయించినప్పుడు ఆయన ట్రంకుపెట్టెలోని కాగితములను నా చేతులతో నేనే తూకమునకు అమ్మివేసితిని.

1956 నవంబరు 1వ తేదీ వరకు మన రాయచూరు హైదరాబాదు రాష్ట్రములోనిది. గద్వాల, ఆలంపురము తాలూకాలు అప్పుడు మన జిల్లాలోనివే. ఆ దినములలో మన పెద్దలకు విశ్వవిద్యాలయ మనగా ఉస్మానియాయే. గుల్బర్గా విశ్వవిద్యాలయము 1980లో గాని ఏర్పడలేదు. ఉస్మానియా 1918లో ఉర్దూ బోధనాభాషగా వెలసినది. ఉన్నత శాస్త్రములను దేశభాషలో బోధింప సాహసించుట దాని ఘనత. అయితే తెలుగు, కన్నడ, మరాఠీ బిడ్డలకు ఆ దేశభాషయు పరభాషయే. 1938లో వందేమాతర గీతము పాడినందుకు అనేక విద్యార్థులు బహిష్కృతులై నాగపురము పోయి చదువుకొనిరి. పోలీసు చర్య పిమ్మట ఉర్దూ స్థానమును ఇంగ్లీషు ఆక్రమించినది.

ఈ చరిత్రలో విశ్వవిద్యాలయము దాచుకొన్న భాగమే అంతర్జాలమున కనబడును. మన పల్లెలనుండి పోయిన బాలుడు ఏ భాషతో ఎట్లు కుస్తీపట్టెనో, ఇంటికి ఏమని ఉత్తరము వ్రాసెనో అందులో దొరకదు. అది మన పెట్టెలలోనే యున్నది.

వ్యాపారస్థులకు ఇదంతయు ఏల అని కొందరు అడుగవచ్చును. ఖాతాపుస్తకము పోగొట్టుకొన్న షావుకారు న్యాయమైన బాకీని సైతము రాబట్టుకొనజాలడు. తెలంగాణమున కవులే లేరని యొకరు వ్రాయగా, ఆలంపురము ప్రాంతమువారైన సురవరము ప్రతాపరెడ్డిగారు కోపముతో ఊరకుండలేదు. 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి 354 మంది కవులను లోకము ముందు నిలిపిరి. ఇండ్లలో కాగితములు మిగిలి యుండుటచేతనే గదా అది సాధ్యమైనది! రేపు ఈ జిల్లాలో తెలుగువారెక్కడ నుండిరని ఎవరైన అడిగినచో మనము ఏమి చూపుదుము?

కావున సోదర కుటుంబములకు నా మనవి యొక్కటే. ఈ దీపావళికి ఇల్లు దులుపునప్పుడు పాత సర్టిఫికెట్లు, ఉత్తరములు, ఫోటోలు పారవేయకుడు. ఫోనుతో ఛాయ తీసి, పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి సంఘమునకు ఒక ప్రతి నిండు. అసలు మీ యింటనే ఉండవచ్చును. ఉర్దూ కాగితములను చదివిపెట్టు పెద్దలు మన ఊరిలో ఇంకను ఉన్నారు. వారుండగానే ఈ పని జరుగవలెను. నేను చేసిన తప్పు మీరు చేయకుందురు గాక.